పళ్లెం చప్పుడు విన్న పిల్లవాడు

అరుగు మీద కూర్చుని కాళ్లు ఊపితే "ఊపకురా, దరిద్రం" అని కసిరే పెద్దలు మనకు కొత్త కాదు. పెన్ను మూత టకటకలాడించడం, జడ కొసను వేలికి చుట్టుకోవడం కూడా ఆ కోవలోవే. ఒంటికి కావలసిన కదలికో, స్పర్శో, చప్పుడో తానే కల్పించుకునే ఇలాంటి పనులకు ఇప్పుడో పొట్టి పేరుంది: స్టిమ్మింగ్. ఆటిజం ఉన్నవారిలో ఇవి మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కొందరు చేతులు రెపరెపలాడిస్తారు, కొందరు ముందుకూ వెనక్కూ ఊగుతారు, కొందరు ఒకే మాటను పదేపదే అంటారు. 1943లో మనోవైద్యుడు లియో కానర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసంలో మొదటివాడైన డోనాల్డ్, గుండ్రటి వస్తువు ఏది దొరికినా గిర్రున తిప్పేవాడు.

ఈ పొట్టి పేరుకు మూలం 'సెల్ఫ్ స్టిమ్యులేటరీ బిహేవియర్' అనే బారెడు పేరు. 1960, 70లలో అమెరికా మనస్తత్వవేత్తలు దాన్ని బాగా వాడారు. లాస్ ఏంజలిస్‌లో ఐవర్ లోవాస్ బృందం ఏమనుకుందంటే, ఊగే పిల్లవాడికి ఆ ఊపే బహుమానం. మనమిచ్చే మిఠాయి దాని ముందు దిగదుడుపే. కాబట్టి పాఠం చెప్పాలంటే ముందు ఊగడం మాన్పించాలి. అందుకోసం కేకలేశారు, కొట్టారు, కరెంటు షాకులూ ఇచ్చారు.

1978లో ఆర్నాల్డ్ రింకోవర్ అనే మనస్తత్వవేత్త దెబ్బల జోలికి పోలేదు. ఒక పిల్లవాడు గట్టి బల్ల మీద పళ్లెం అదే పనిగా తిప్పేవాడు. రింకోవర్ ఆ బల్ల మీద తివాచీ పరిపించాడు. పళ్లెం తిరుగుతూనే ఉంది, చప్పుడు మాత్రం పోయింది. పిల్లవాడి తిప్పుడు బాగా తగ్గిపోయింది. అంటే అన్నాళ్లూ వాడు తిప్పింది వినడానికి! అలవాటు మాన్పించాలని చేసిన ప్రయోగమే ఆ తిప్పుడు అర్థం లేని చేష్ట కాదని తేల్చింది. నాకైతే ఈ కథలో ఇంతకన్నా గొప్ప ఘట్టం లేదు.

1992లో జిమ్ సింక్లెయిర్, డోనా విలియమ్స్, కేథీ గ్రాంట్ కలిసి ఆటిజం నెట్‌వర్క్ ఇంటర్నేషనల్ స్థాపించారు. ముగ్గురూ ఆటిజం ఉన్నవారే. ఇలాంటి బృందాల్లో కలుసుకున్నవాళ్ల కబుర్లలో మనస్తత్వవేత్తల బారెడు పేరుకు పొట్టి రూపమైన 'స్టిమ్' సొంత మాటగా నలిగింది. 2019లో స్టీవెన్ కాప్ పరిశోధక బృందం స్టిమ్మింగ్ గురించి ఆటిజం ఉన్న పెద్దవాళ్లనే అడిగి చూసింది. వెలుతురూ రొదా మీదపడి ఊపిరాడనప్పుడు ఇదే నిలబెడుతుందని, పట్టరాని సంతోషంలోనూ ఇదే వస్తుందని వాళ్లు చెప్పారు.

తల గోడకేసి బాదుకోవడం, చెయ్యి కొరుక్కోవడం వేరే సంగతి. మాటలు రాని పిల్లవాడైతే చెవిపోటో పంటినొప్పో ఉందేమో ముందు డాక్టరుకు చూపించాలి. అంతేగాని, ఉత్తినే చేతులు ఆడించే పిల్లవాడి చేతులు అదిమిపట్టి కూర్చోబెట్టే థెరపీని నేనైతే నమ్మను.