మేనత్త వ్యాధిని మరువరాదు

అండాశయ క్యాన్సరునందు వంశము వహించు పాత్రను గూర్చియు, ఉద్దానపు కుటుంబములు నేడే చేపట్టదగిన యొక పనిని గూర్చియు

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలముల మీదుగా సముద్రతీరము వెంబడి జీడితోటలతోను కొబ్బరితోటలతోను వ్యాపించిన ఉద్దానము, పచ్చదనమునకు పేరుగాంచిన సీమయై యుండియు, కొన్ని దశాబ్దములుగా మూత్రపిండ వ్యాధిచేతనే దేశమునకు పరిచితమగుచున్నది. నీరు కారణమో, ఎండలో చేయు కాయకష్టము కారణమో, వంశమే కారణమో యని శాస్త్రజ్ఞులు విచారించుచుండగనే, 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభమైనవి. వ్యాధికి మూలమెక్కడ నున్నదని ఇంతగా ప్రశ్నింప నేర్చిన యీ ప్రజలు, ఆ ప్రశ్ననే మరియొక వ్యాధి విషయమున తమ వంశవృక్షము నడుగవలసి యున్నది. ఆ వ్యాధి అండాశయ క్యాన్సరు.

జన్యువుల లెక్క

ఈ క్యాన్సరు సోకిన స్త్రీలలో అధికసంఖ్యాకులకు వంశముతో సంబంధము లేదు. అయినను సుమారు ఐదుగురిలో ఒకరికి పుట్టుకతో సంక్రమించిన జన్యులోపమే మూలము. 1990లో అమెరికా శాస్త్రవేత్త మేరీ-క్లెయిర్ కింగ్, రొమ్ము క్యాన్సరు తరతరములుగా వచ్చుచున్న కుటుంబములను పరిశీలించి, దానికి మూలమైన జన్యువు 17వ క్రోమోజోముపై నున్నదని నిరూపించెను. 1994లో వెలికివచ్చిన ఆ జన్యువే బీఆర్‌సీఏ-1. మరుసటి యేట గుర్తింపబడినది బీఆర్‌సీఏ-2. తెగిన డీఎన్‌ఏ పోగులను సరిచేయుట వీని ధర్మము. ఆ ధర్మము తప్పినచోట దోషములు కణమునందు పేరుకొని క్యాన్సరునకు దారితీయును. సామాన్య స్త్రీలలో నూటికి ఇంచుమించు ఒకరికి వచ్చు అండాశయ క్యాన్సరు, బీఆర్‌సీఏ-1 లోపము గలవారిలో 80 ఏండ్ల లోపల నూటికి 44 మందికిని, బీఆర్‌సీఏ-2 లోపము గలవారిలో 17 మందికిని రాగలదు. పెద్దప్రేగు, గర్భాశయ క్యాన్సర్లు కుటుంబమున పలువురికి వచ్చినచో, లించ్ సిండ్రోమ్ అను మరియొక వారసత్వ లోపమును గూడ శంకింపవలెను.

తండ్రి వైపు మౌనము

ఈ లోపము తల్లినుండియే కాదు, తండ్రినుండియు సమానముగ సంక్రమించును. కొడుకైనను కూతురైనను ప్రతి బిడ్డకును సగము అవకాశము కలదు. అండాశయము లేని తండ్రి తాను ఆరోగ్యవంతుడై యుండియే దానిని కూతునకు అందింపగలడు. మన సంప్రదాయమున ఆడపడుచు అత్తవారింటికి పోయి ఇంటిపేరు మార్చుకొనుటచేత, టెక్కలికో ఇచ్ఛాపురమునకో మెట్టిన మేనత్త “కడుపులో గడ్డ”తో మరణించినను, ఆమె వ్యాధి పుట్టినింటి జ్ఞాపకమునుండి క్రమముగ జారిపోవును. వైద్యుడు “మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?” అని యడిగినపుడు, “లేదండి” యని ఆమె మేనకోడలు చెప్పు మాట యథార్థమని తాను నమ్మినదే గాని, సంపూర్ణమైనది కాదు. మేనరికములందు తల్లి వైపువారును తండ్రి వైపువారును ఒకే వంశవృక్షపు కొమ్మలగుటచేత, ఉభయకుటుంబముల చరిత్రను కలిపి చూచుట మరింత యావశ్యకము.

చేయదగినది

తగ్గని కడుపు ఉబ్బరము, కొద్దిగా తినగనే కడుపు నిండుట, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికి మూత్రము వచ్చుట అండాశయ క్యాన్సరు లక్షణములు. ఉద్దానమున ఇట్టి బాధ కలుగగనే కిడ్నీ జబ్బేయని భయపడుట సహజము. కాని కిడ్నీ పరీక్షలు బాగుండియు బాధ వారములకొలది తగ్గనిచో, అండాశయములను చూపు స్కానింగు చేయింపుడని స్త్రీలు ధైర్యముగ నడుగవలెను.

ఏ లక్షణమును లేని స్త్రీలకు రక్తపరీక్షలు, స్కానింగులు క్రమముగ చేయించినను మరణములు తగ్గలేదని, రెండు లక్షలమంది పాల్గొన్న బ్రిటిషు అధ్యయనము 2021లో తేల్చెను. కనుకనే వంశచరిత్ర విలువ ఇనుమడించుచున్నది. వీలైనంతవరకు వ్యాధి వచ్చినవారికే మొదట జన్యుపరీక్ష చేయించి, లోపము కనబడినచో తక్కినవారిని పరీక్షించుట క్రమము. లోపము గల స్త్రీలు, సంతానము కలిగిన పిమ్మట, బీఆర్‌సీఏ-1 అయినచో 35–40 ఏండ్ల నడుమను, బీఆర్‌సీఏ-2 అయినచో 40–45 ఏండ్ల నడుమను అండాశయములను, అండవాహికలను తీయించుకొనినచో ముప్పు మిక్కిలి తగ్గును. జన్యులోపము నుదుటివ్రాత కాదు. ముందుగ తెలిసినవారికి తప్పించుకొను దారి కలదు.

టాటా మెమోరియల్ కేంద్రమునకు చెందిన హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి విశాఖ అగనంపూడిలోనే యున్నది. అచ్చటికి పోవుటకు ముందు చేయవలసిన పని ఇంటిలోనే కలదు. నాయనమ్మ, అమ్మమ్మ, మేనత్తలు, పెద్దతల్లులు, పినతల్లులు ఏ వయస్సున ఏ వ్యాధితో బాధపడిరో పెద్దలనడిగి, ఒక కాగితముపై వ్రాసి, కూతుండ్రకును కొడుకులకును అందజేయుడు.