చక్రాన్ని నిలబెట్టే చిన్న కీలు

పాత కారులో ఇంజన్ మూలిగితే యజమాని వెంటనే పసిగడతాడు. బ్రేకు సరిగా పట్టకపోతే మరునాడే షెడ్డుకు తీసుకువెళతాడు. కాని ముందు చక్రాల వెనుక, బురద కప్పుకొని, అరచేతిలో ఇమిడేటంత ఇనుప కీలు ఒకటి ఉంటుంది. అది అరిగిపోతున్నా కారు చాలాకాలం మామూలుగానే నడుస్తుంది. పూర్తిగా ఊడిన క్షణాన మాత్రం చక్రం పక్కకు ఒరిగిపోతుంది; కారు ముందుభాగం నేలకు కుంగుతుంది; స్టీరింగు చేతిలో ఉండీ ప్రయోజనం ఉండదు. దాని పేరు బాల్ జాయింటు. దానిని గోళకీలు అని తెనిగించవచ్చు. అయితే ఆ మాటంటే ఏ మెకానిక్కుకూ బోధపడదు గనుక, వాడుకలో ఉన్న పేరే ఇక్కడ కూడా వాడుకుందాం.

మన తుంటిలో ఉన్నటువంటిదే

తొడ ఎముక గుండ్రని తల తుంటిలోని గిన్నెవంటి గుంటలో తిరుగుతుంది. అందువల్లనే కాలు ముందుకూ పక్కకూ కదలగలదు. బాల్ జాయింటు నిర్మాణమూ అదే. ఉక్కు చీలకు చివర ఒక గుండు, ఆ గుండును పట్టి ఉంచే గిన్నె, లోపల గ్రీజు, పైన రబ్బరు బూటు. ముందు చక్రం గతుకులను బట్టి పైకీ కిందికీ ఆడాలి, స్టీరింగును బట్టి ఎడమకూ కుడికీ తిరగాలి. ఈ రెండు కదలికలకూ చోటిస్తూనే చక్రాన్ని తన స్థానం నుంచి తప్పిపోనివ్వకుండా పట్టి ఉంచడమే ఈ కీలు ధర్మం.

పూర్వం ఈ పనిని కింగ్‌పిన్ అనే నిలువు చీల నిర్వహించేది. అమెరికాలో 1952 నాటి లింకన్ కారు ముందు సస్పెన్షన్‌కు బాల్ జాయింట్లు వచ్చాయి. 1959లో ఇంగ్లండులో వెలువడిన మినీ కూడా వాటినే వాడుకుంది. 1961లో మన దేశంలో వచ్చిన మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్‌ది మధ్యేమార్గం: పైన బాల్ జాయింటు, కింద కంచు ట్రనియన్. 1983లో మారుతి 800తో మాక్‌ఫర్సన్ స్ట్రట్ పద్ధతి ఇంటింటికీ చేరింది. అందులో పై కీలు లేదు. ప్రతి ముందు చక్రానికీ కింద ఒక్కటే బాల్ జాయింటు ఉంటుంది.

చేటు బూటుతో మొదలు

గ్రీజు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఈ కీలు ఏళ్ల తరబడి మన్నుతుంది. దానికి తొలి శత్రువు రబ్బరు బూటులో పడే చిన్న చిరుగు. వానాకాలపు నీరూ, ఇసుకా ఆ చిరుగు గుండా లోపలికి దూరతాయి. గ్రీజు కొట్టుకుపోతుంది, తుప్పు పడుతుంది, గుండుకూ గిన్నెకూ మధ్య ఇసుక ఆకురాయిలా పనిచేస్తుంది. గ్రీజు నిపిల్ ఉన్న పాత కార్లలో అతిగా గ్రీజు ఎక్కించి బూటు పగలగొట్టడమూ కద్దు. బూటు కొంచెం ఉబ్బగానే ఆపడం మంచిది.

లక్షణాలు చిన్నవే. స్పీడ్ బ్రేకరు దాటేటప్పుడు ముందునుంచి ‘టక్’మనే చప్పుడు, తిన్నని రోడ్డు మీద కారు అటూ ఇటూ లాగడం, టైరు ఒక అంచునే త్వరగా అరగడం, స్టీరింగు తిప్పితే కిర్రుమనడం. వీటిలో ఏది కనిపించినా పరీక్ష చేయించవలసిందే.

పరీక్షలో మొదటి సూత్రం, కీలు మీది భారం తొలగించడం. స్ప్రింగు లోయర్ ఆర్మ్ మీద ఆనే కార్లలో జాకీని ఆ ఆర్మ్ కిందనే పెట్టాలి. మాక్‌ఫర్సన్ స్ట్రట్ కార్లలో బాడీ కింద పెట్టి చక్రాన్ని వేలాడనివ్వాలి. తరువాత టైరును గడియారంలో 12, 6 అంకెలుండే చోట్ల పట్టుకుని ఊపాలి. కదలిక కనిపిస్తే మరొకరిని బ్రేకు తొక్కి పట్టమనాలి. కదలిక మాయమైతే దోషం చక్రం బేరింగుది. అలాగే ఉంటే బాల్ జాయింటును అనుమానించాలి. 3, 9 అంకెల దగ్గర పట్టి ఊపినప్పుడే కదిలితే టై రాడ్ చివరలను చూడాలి. కొన్ని కార్లకు కొద్దిపాటి కదలికను తయారీదారులే అనుమతిస్తారు. ఆ హద్దు కారు మాన్యువల్‌లో ఉంటుంది.

మార్చేటప్పుడు

ఇక్కడ ప్రాణాపాయం స్ప్రింగులో ఉంది. లోయర్ ఆర్మ్ మీద ఆనిన స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. ఆర్మ్‌కు ఆధారం లేకుండా నట్టు పూర్తిగా విప్పితే అది తుపాకిగుండులా ఎగరగలదు. కనుక జాకీ ఆర్మ్ కింద ఉండాలి. కారు బరువును మాత్రం స్టాండ్ల మీద నిలపాలి. ఒట్టి జాకీని గాని, ఇటుకలను గాని నమ్మి కారు కింద దూరరాదు.

బాల్ జాయింటు చీల కొస సన్నగా ఉండి, అదే వాలు గల రంధ్రంలో మేకులా బిగిసి ఉంటుంది. నట్టు కొంచెం వదులు చేసి, పుల్లరుతో దానిని విడదీయడం ఉత్తమం. చీల మరల మీద సుత్తితో మోదడం తగదు. కీలు కొన్ని కార్లలో బోల్టులతో, కొన్నింటిలో రివెట్లతో బిగించి ఉంటుంది. మరికొన్నింటిలో ప్రెస్సుతో ఎక్కించి ఉంటుంది. ఈ చివరి రకంలో కొత్తదానిని అంచు మీద నొక్కాలే తప్ప చీల మీద నొక్కరాదు. ఆర్మ్‌తో కలిసి వచ్చే కీలైతే ఆర్మ్ మొత్తం మార్చవలసివస్తుంది.

కొత్త నట్టును మాన్యువల్ చెప్పినంత బిగువుకు బిగించాలి. స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే మరికొంచెం బిగించాలి గాని, వదులు చేయరాదు. పిన్ను కొత్తదే వేయాలి. ఒక వైపుది అరిగితే రెండవదీ అంతే దూరం తిరిగినదే గనుక, రెంటినీ కలిపి మార్చడం వివేకం. చివరగా వీల్ ఎలైన్‌మెంటు చేయించనిదే పని పూర్తికాదు. లేకుంటే కొత్త టైర్లు కూడా వంకరగా అరుగుతాయి.

పాత కారును ప్రేమించేవారు దాని రంగునూ, మెరుపునూ చూసుకుని మురిసిపోతారు. సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా ఒక దీపం పట్టుకుని చక్రం వెనుకకు కూడా తొంగిచూడమనండి. చిరిగిన రబ్బరు బూటును సకాలంలో కనిపెట్టడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాల మీదనే కారులో కూర్చున్న అందరి క్షేమమూ ఆధారపడి ఉంటుంది.