ట్రంపెట్టా, ట్రాంబోనా?

అమెరికాలో చాలా బడుల్లో బ్యాండు అయిదో తరగతిలోనో ఆరులోనో మొదలవుతుంది. ఇత్తడి వాయిద్యం కావాలన్న పిల్లల చేత మాస్టారు ముందు ఉత్త మౌత్‌పీసే ఊదించి చూస్తారు. ఎందుకు?

ఈ వాయిద్యాల్లో తీగలుండవు, నాదస్వరానికి ఉన్నట్టు పీకా ఉండదు. మోగేది మన పెదవులే! మూసిన పెదవుల మధ్య నుంచి గాలి తోస్తే అవి తుమ్మెదలా జుమ్మంటాయి. ఆ అదురుకు గొట్టంలోని గాలి కూడా ఊగి స్వరం పలుకుతుంది.

ట్రంపెట్ మౌత్‌పీస్ చిన్నది. పెదవులు బిగించి వేగంగా అదిరించాలి. ట్రాంబోన్‌ది పెద్దది, పెదవులకు చోటెక్కువ. ఎవరికేది పలుకుతుందో ముఖం చూసి చెప్పడం మీద నాకైతే నమ్మకం లేదు. ఊదాల్సిందే.

ట్రంపెట్ గొట్టాన్ని సాగదీస్తే దాదాపు 1.4 మీటర్లు. ట్రాంబోన్‌ది సుమారు రెట్టింపు, అందుకే ఒక స్థాయి కిందికి పలుకుతుంది. దానికి మీటలకు బదులు జారే గొట్టం ఉంటుంది. ముందుకు తోసేకొద్దీ స్వరం దిగుతుంది. మొత్తం 7 స్థానాలు. చివరిది పదేళ్ల పిల్లల చేతికి తరచూ అందదు. దిగులెందుకు? మొదటి ఏడాది పాటల్లో దాని పని అరుదు.

పళ్లకు క్లిప్పులుంటే మాత్రం పెద్ద మౌత్‌పీసే కాస్త హాయి.