ఖాళీ కుర్చీ కథ – మెల్బోర్న్ ప్రిన్సెస్ థియేటర్

మెల్బోర్న్‌లో మనవాళ్ళందరం స్ప్రింగ్ స్ట్రీట్ చూసే ఉంటాం. ఇండియా నుంచి ఎవరొచ్చినా పార్లమెంటు మెట్ల మీద నిలబెట్టి ఫోటో తీయడం మన ఆనవాయితీ. ఆ రోడ్డుకి అవతలి వైపు, తలమీద గుమ్మటాలతో ఒక పాత భవనం ఉంది. అదే ప్రిన్సెస్ థియేటర్. చాలా ఏళ్ళు నేనూ దాన్ని బయటినుంచే చూశాను. 2019లో నాన్నగారు మా దగ్గరకి వచ్చినప్పుడు మొదటిసారి లోపలికి వెళ్ళాం.

ముందు కాస్త చరిత్ర. 1850లలో విక్టోరియాలో బంగారం దొరికింది. జనం వచ్చారు, జనంతో పాటు డబ్బూ, వినోదమూ వచ్చాయి. 1854లో ఈ స్థలంలో గుర్రాల విన్యాసాలు చూపించే ఆస్ట్లీస్ ఆంఫీథియేటర్ వెలిసింది. 1857లో దాన్ని మార్చి ప్రిన్సెస్ అని పేరు పెట్టారు. ఇప్పుడు మనం చూసే భవనాన్ని విలియం పిట్ అనే ఆర్కిటెక్టు రూపొందించారు. 1886 డిసెంబరులో 'ది మికాడో' అనే సంగీత నాటకంతో దీన్ని ప్రారంభించారు. ఏసీలు లేని రోజులు కదా, మెల్బోర్న్ ఎండలకి తట్టుకోవడానికి పైకప్పు పక్కకి జరిగేలా కట్టారు. ఎండాకాలం సాయంత్రాల్లో నాటకం చూస్తూ చల్లగాలి పీల్చుకోవచ్చన్నమాట!

ఇక అసలు కథ. 1888 మార్చి 3న 'ఫౌస్ట్' ఆపెరా ఆడుతున్నారు. ఫ్రెడరిక్ ఫెడెరిచి అనే గాయకుడిది దెయ్యం వేషం. చివర్లో అతను రంగస్థలం మీదున్న తలుపులోంచి పాతాళంలోకి దిగిపోవాలి. అలా దిగుతూనే గుండె ఆగి చనిపోయాడు. పైన ప్రేక్షకులకి సంగతి తెలియదు, చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఆ రోజు చివర్లో అతను మాతో కలిసి ప్రేక్షకులకి నమస్కరించాడని తోటి నటులు అన్నారట! ఆ తరువాత చాలా ఏళ్ళపాటు, కొత్త నాటకం మొదలైన రోజున డ్రెస్ సర్కిల్ మూడో వరసలో ఒక కుర్చీ అతని కోసం ఖాళీగా ఉంచేవారు.

1986లో డేవిడ్ మారినర్ ఈ థియేటర్ని కొని బాగుచేయించారు. 1989లో 'లే మిజరాబ్ల'తో తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. 1990లో 'ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా' వచ్చింది. థియేటర్లో ఒక బాక్సు తన కోసం ఖాళీగా ఉంచమని బెదిరించే 'భూతం' కథ అది. ఈ భవనానికి అంతకంటే తగిన కథ ఇంకేముంటుంది చెప్పండి?

మేం చూసింది 'హ్యారీ పాటర్ అండ్ ది కర్స్‌డ్ చైల్డ్'. ఇది 2019 నుంచి, మధ్యలో కోవిడ్ విరామం పోను, 2023 జులై వరకు ఆడింది. అప్పట్లో రెండు భాగాలు. నాన్నగారు విసుక్కుంటారేమోనని భయపడ్డాను. "తెల్లవార్లూ నాటకాలు చూసినవాణ్ణిరా, నాకిదో లెక్కా?" అన్నారు. కళ్ళముందే మనుషులు మాయమవుతుంటే చిన్నపిల్లాడిలా ముందుకి వంగి చూశారు. బయటికొచ్చాక అన్నారు: "బాగుంది. మన సురభి వాళ్ళ మాయాబజారే కదూ!"

ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు 'కీచక వధ' ఆడించి ఆ నాటక సమాజానికి పునాది వేసింది 1885లో. అంటే ఈ భవనం కంటే ఒక ఏడాది ముందే! ఒకే కుటుంబం, తరతరాలుగా నటులూ వాళ్ళే, తెరలు లాగేదీ వాళ్ళే. మాయలూ మంత్రాలూ తాళ్ళతో, తెరలతో సాధిస్తారు. 2013లో సురభి నాగేశ్వరరావు గారికి పద్మశ్రీ వచ్చింది. కానీ ఒకప్పుడు ఊరూరా తిరిగిన సురభి సమాజాలలో ఇప్పుడు మిగిలినవి కొన్నే.

ఇక్కడ ప్రిన్సెస్‌ని బతికించింది బాగుచేసిన గోడలతో పాటు టిక్కెట్టు కొని కూర్చున్న జనం కూడా. ఆ జనంలో మేమూ ఉన్నాం. మరి సురభికి నేను ఆఖరుసారి టిక్కెట్టు కొన్నదెప్పుడు? నాన్నగారు అడగలేదు, నేనే అడుక్కున్నాను. జవాబు చెప్పడానికి సిగ్గేసింది.

ఈసారి సెలవులకి హైదరాబాదు వెళ్ళినప్పుడు, షాపింగ్ లిస్టులో సురభి నాటకం కూడా రాసుకోండి. పిల్లల్ని తీసుకెళ్ళండి. ఖాళీ కుర్చీ ఒక్కటైతే కథగా చెప్పుకోవచ్చు. వరసలన్నీ ఖాళీ అయితే కథ చెప్పేవాళ్ళే మిగలరు.