విఠల్‌వాడీ కుర్రవాడు

ఆటలు ఆడే కుర్రవాడికి చదువు అబ్బదనీ, చదువుకునే కుర్రవాడికి ఆటలు తగవనీ మన మధ్యతరగతి సంసారాల్లో ఒక నమ్మకం పాతుకుపోయి వుంది. నేను కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. ఏటా హాజరు పట్టీలు లెక్కవేసే రోజుల్లో, భుజాన బాటు సంచీ తగిలించుకున్న కుర్రవాళ్ళు ఒకరిద్దరూ, వాళ్ళ వెనకాలే నాన్నగార్లూ మా స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర ప్రత్యక్షం కావడం మామూలు. కుర్రవాడు "మాచ్ వుండింది సార్" అంటాడు. తండ్రి "వీడికి మీరైనా కాస్త చెప్పండి సార్" అంటాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం లేకపోలేదు. అటువంటప్పుడు నేను నీతులు చెప్పను. మన పేటలోనే పెరిగి, మన ఊరి కాలేజీలోనే బి.కాం. చదివిన ఒక కుర్రవాడి కథ చెబుతాను. ఆ కథనే పాఠకులకు కూడా మనవి చేస్తున్నాను.

ముషీరాబాదు, చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ — ఇవన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడిచే పేటలు. గుమాస్తాలూ, టీచర్లూ, చిన్న వ్యాపారస్థులూ కాపురాలుండే వీధులు. ఇక్కడి పిల్లలకు ఆటల పిచ్చి కొత్తది కాదు. నారాయణగూడ వై.ఎం.సి.ఏ. ఆవరణలో బాస్కెట్‌బాల్, ఖాళీ స్థలం కనిపించిన చోటల్లా క్రికెట్టు. అటు నారాయణగూడకూ ఇటు హిమాయత్‌నగరుకూ నడుమ వున్న విఠల్‌వాడీలో పెరిగినవాడే మహమ్మద్ అజహరుద్దీన్.

తాతగారి ఇల్లు

అజహరుద్దీన్ 1963 ఫిబ్రవరి 8వ తేదీన పుట్టాడు. పెరిగింది విఠల్‌వాడీలో, తాతగారి ఇంట్లో. మనవడి మీద ఆ పెద్దాయనకు ఎంత ప్రేమో, అంత ఆశ. మనవడు దేశం తరపున ఆడాలన్నది ఆయన కోరిక. మేనమామ జైనులాబుద్దీన్ కూడా క్రికెట్టు ఆడినవాడే. కుర్రవాడికి మొదటి ఒరవడి ఆ మేనమామే.

గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ హైస్కూల్లో పదో ఏట అతను బాటు పట్టాడు. ఆ బడికి ఆటల విషయంలో మంచి పేరుంది. సయ్యద్ ఆబిద్ అలీ అక్కడ చదివినవాడే. అజహరుద్దీన్ తరవాత వెంకటపతి రాజు, నోయెల్ డేవిడ్ కూడా ఆ బడినుంచే వచ్చి ఇండియా జట్టులో ఆడారు. బడి ముగిశాక 1887లో స్థాపించిన నిజాం కాలేజీ. విఠల్‌వాడీ ఇల్లూ, గన్‌ఫౌండ్రీ బడీ, బషీర్‌బాగ్ పక్కనున్న కాలేజీ, దానికి కూతవేటు దూరాన ఫతే మైదానం — ఇవన్నీ రెండు మైళ్ళ లోపలివే. టెస్టు క్రీడాకారుడుగా తయారుకావడానికి ఆ కుర్రవాడు ఊరు దాటి పోవలసిన పని లేకపోయింది. ఇది మన ఊరి అదృష్టమనే చెప్పాలి.

చాప మీది చదువు

క్రికెట్టు అంతగా ఎరగని గృహిణులకోసం ఒక మాట. పెద్ద మాచ్‌లు ఆడే పిచ్ పచ్చిక పెంచి, రోలరుతో తొక్కించి తయారు చేస్తారు. దానికి ఖర్చూ శ్రమా ఎక్కువ. అందుచేత మన ఊళ్ళో ఆ రోజుల్లో చిన్న మాచ్‌లకు గట్టి నేల మీద చాప పరిచి, చుట్టూ మేకులు దిగగొట్టి ఆడించడం పరిపాటి. చాప మీద పడిన బంతి ఎత్తుగా లేస్తుంది, గట్టిగా మెలి తిరుగుతుంది. దాన్ని కాళ్ళు చాచి నెట్టేస్తే గాలిలోకి లేచి క్యాచి అవుతుంది. ఆఖరి క్షణం దాకా ఆగి, మణికట్టు తిప్పి నేలబారుగా పంపినవాడే బతుకుతాడు. హైదరాబాదు బాట్స్‌మన్‌ల మణికట్టు నేర్పుకు తెలిసినవాళ్ళు చెప్పే కారణాల్లో ఈ చాప ఒకటి.

ఆ నేర్పు అజహరుద్దీన్ చేతిలో ఒక విద్య అయింది. కుడివైపు వికెట్టుకు అవతలగా వచ్చే బంతిని, ఎవరైనా కుడివైపుకే కొట్టవలసినదాన్ని, అతను మణికట్టు ఒక్కసారి తిప్పి ఎడమవైపు బౌండరీకి పంపేవాడు. బలం వాడినట్టే కనిపించదు. బక్కపలచని మనిషి, నిలబెట్టిన కాలరు. ఆ కాలరు ముచ్చట మన ఊళ్ళో జయసింహ నాటినుంచీ వున్నదే.

అయితే ముచ్చటగా ఆడేవాళ్ళు ఊరికి పదిమంది వుంటారు. వాళ్ళందరూ టెస్టులదాకా పోరు. మధ్యలో మెట్లు చాలా వున్నాయి. బడి మాచ్‌లు, కాలేజీ మాచ్‌లు, ఊరి లీగు, ఆపైన రాష్ట్రాల మధ్య రంజీ ట్రోఫీ, జోన్‌ల మధ్య దులీప్ ట్రోఫీ. ప్రతి మెట్టు దగ్గరా సగంమంది ఆగిపోతారు. అజహరుద్దీన్ 1981-82లో, పద్దెనిమిదేళ్ళు నిండాక, హైదరాబాదు తరపున రంజీలో దిగాడు. తరవాత దులీప్ ట్రోఫీలో సౌత్ జోన్ తరపున సెంట్రల్ జోన్ మీద 226 పరుగులు చేశాడు. ఊరి సంగతి దేశానికి తెలిసింది అప్పుడే. 1984లో ఇంగ్లండు జట్టు వచ్చినప్పుడు అహమ్మదాబాదులో పాతికేళ్ళ లోపు కుర్రవాళ్ళ జట్టు తరపున వాళ్ళ మీద 151 చేశాడు. ఇక పక్కన పెట్టడానికి సెలెక్టర్లకు సాకు దొరకలేదు.

కాని ఇంతలో విఠల్‌వాడీ ఇంట్లో దీపం ఆరింది. మనవడు టెస్టులో ఆడగా చూడాలని కలలు కన్న తాతగారు ఆ రోజు రాకుండానే కన్నుమూశారు.

అయిదు వారాలు

1984 చివరి నెలలు దేశానికి మంచి రోజులు కావు. ఇంగ్లండు జట్టు ఢిల్లీలో దిగిననాడే, అక్టోబరు 31న, ప్రధాని ఇందిరాగాంధీ హత్య జరిగింది. పర్యటన ఆగుతుందనుకున్నారు; ఆగలేదు. బొంబాయి టెస్టు మనం గెలిచాం. ఢిల్లీ టెస్టు చేతిలో వున్నట్టే వుండి చేజారింది. కపిల్‌దేవ్, సందీప్ పాటిల్ నిలబడవలసిన వేళ తొందరపడి బాదబోయి అవుటయ్యారని పెద్ద రగడ. కలకత్తా టెస్టుకు ఇద్దరినీ తప్పించారు. కపిల్ లేకపోవడం కలకత్తా జనానికి కోపం తెప్పించింది. అటువంటి మైదానంలోకి, పాటిల్ ఖాళీ చేసిన స్థానంలో, 21 ఏళ్ళ హైదరాబాదు కుర్రవాడు 1984 డిసెంబరు 31న మొదలైన మాచ్‌లో అడుగుపెట్టాడు.

ఆ మాచ్‌లు జరిగేటప్పటికి నాకు ఊహ తెలియని వయసు. మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పగా చెప్పగా నేను చూసినంత గుర్తు. రేడియో ఒక ఇంట్లో మోగితే వాడంతా వినేదట. టెలివిజన్ వున్న ఇంట్లో ఆ రోజుల్లో చెప్పులు విడవడానికి చోటుండేది కాదట.

నాలుగు వికెట్లు పడ్డాక రవిశాస్త్రికి తోడుగా అజహరుద్దీన్ నిలబడ్డాడు. ఇద్దరూ కలిసి 214 పరుగులు చేర్చారు. శాస్త్రి 111, అజహరుద్దీన్ 110. ఈ 110 చేయడానికి అతను ఏడు గంటలకు పైగా క్రీజులో వున్నాడు. తొందరపాటుకు పేరుమోసిన వాళ్ళను శిక్షించి తనను దింపారని ఆ కుర్రవాడికి తెలుసు కాబోలు! తరవాతి కాలంలో అతని ఆటలో చూసిన వేగం ఆనాడు లేదు. ఓపిక ఒక్కటే వుంది. మాచ్ డ్రా అయింది.

జనవరి 13న మద్రాసు టెస్టు మొదలయింది. ఫౌలర్, గాటింగ్ ఇద్దరూ డబుల్ సెంచరీలు కొట్టారు. ఇంగ్లండు ఏడు వికెట్లకు 652 చేసి డిక్లేరు చేసింది. మనవాళ్ళు మొదటి ఇన్నింగ్స్‌లో 272కే ముగించారు. అందులో అజహరుద్దీన్‌వి 48. రెండోసారి 380 పరుగుల వెనకబాటుతో దిగినప్పుడు మొహిందర్ అమర్‌నాథ్ తోడుగా 105 చేశాడు. అమర్‌నాథ్ 95 దగ్గర అవుటయ్యాడు. ఓటమి తప్పలేదు కాని, ఓడే జట్టులో నిలబడి ఆడడం ఏమిటో ఆ కుర్రవాడు చూపించాడు. నా మట్టుకు మూడు సెంచరీలలోనూ ఇదే ఎక్కువ విలువైనది అనిపిస్తుంది. గెలిచే పక్షంలో అందరి చేతులూ ఆడతాయి.

జనవరి 31న కాన్పూరు. ఈసారి 122, రెండో ఇన్నింగ్స్‌లో అవుటు కాకుండా 54. మాచ్ ఫిబ్రవరి 5న ముగిసింది. ఆ మూడో రోజుకు అతనికి 22 ఏళ్ళు నిండాయి. మూడు టెస్టుల్లో 439 పరుగులు, సగటు 109.75. టెస్టు క్రికెట్టు 1877లో పుట్టింది. అన్నేళ్ళ చరిత్రలో ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీ కొట్టినవాడు అంతకు ముందు ఒక్కడూ లేడు. ఆ నెలలోనే ఆస్ట్రేలియాలో జరిగిన పోటీల్లో పాకిస్తాను మీద అవుటు కాకుండా 93 చేసి, తనది కేవలం అయిదు వారాల వెలుగు కాదనిపించాడు. ఆ పోటీలో కప్పు మనకే వచ్చింది.

ముందు నడిచినవాళ్ళు

మొదటి టెస్టులోనే సెంచరీ కొట్టిన హైదరాబాదీలలో అజహరుద్దీన్ రెండోవాడు. మొదటివాడు అబ్బాస్ అలీ బేగ్. 1959లో మన జట్టు ఇంగ్లండులో వరసగా ఓడిపోతూ, ఆటగాళ్ళు దెబ్బలు తగిలి మూలపడగా, ఆక్స్‌ఫర్డులో చదువుకుంటున్న ఈ ఇరవయ్యేళ్ళ విద్యార్థిని పిలిపించారు. మాంచెస్టరులో అతను 112 చేశాడు. అతను కూడా ఆనాటికి కాలేజీ కుర్రవాడే! పుస్తకాలు పక్కన పెట్టి వచ్చి ఆడాడు. చదువుకూ ఆటకూ వైరం వున్నదనేవాళ్ళకు ఇంతకంటే సమాధానం ఏం కావాలి?

తరవాతి సంగతి

అజహరుద్దీన్ తరవాతి జీవితం పాఠకులు ఎరిగినదే. మధ్యలో పరుగులు రాని రోజులూ వచ్చాయి, దేశానికి కెప్టెన్‌గా వెలిగిన రోజులూ వచ్చాయి. 2000 మార్చిలో బెంగుళూరులో దక్షిణాఫ్రికా మీద 102 చేశాడు. అదే ఆఖరి టెస్టయింది. మొదటి టెస్టులోనూ సెంచరీ, చివరి టెస్టులోనూ సెంచరీ. మొత్తం 22 సెంచరీలు, 6215 పరుగులు. ఆడిన టెస్టులు 99. నూరో టెస్టు రాసిపెట్టి లేదు. మాచ్ ఫిక్సింగ్ ఆరోపణల మీద క్రికెట్ బోర్డు 2000 డిసెంబరులో అతన్ని జీవితాంతం ఆటనుంచి నిషేధించింది. ఆ నిషేధం చెల్లదని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికి అతనికి 49 ఏళ్ళు. తీర్పు వచ్చినా ఆట తిరిగి రాదు గదా!

ఈ సంగతి దాచి కథ చెప్పడం సబబు కాదని నేను అనుకుంటాను. కథ వినే కుర్రవాళ్ళు కూడా "తరవాత ఏమైంది సార్?" అని అడుగుతూనే వుంటారు. వున్నది వున్నట్టు చెబుతాను. పైకి ఎక్కడం ఎంత కష్టమో, ఎక్కిన చోట నిలబడడం అంతకంటే కష్టమని వాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు.

కాని మొదటి అధ్యాయం మొదటి అధ్యాయమే. దానికి మచ్చ లేదు. పదో ఏట బాటు పట్టిన పిల్లవాడు 21వ ఏట టెస్టులో దిగాడు. లోకం చూసింది అయిదు వారాలే. దాని వెనక పదకొండేళ్ళున్నాయి. ఎండలో ఎవరూ చూడని మాచ్‌లు, పేపరులో పేరు పడని పరుగులు, సున్నాకి అవుటై ఇంటికి నడిచివచ్చిన సాయంత్రాలు. అన్నేళ్ళూ ఆ పిల్లవాణ్ణి నమ్మిన పెద్దాయన ఒకరు ఇంట్లో వుండడం చిన్న విషయం కాదు. ఫలం కళ్ళజూడకుండానే ఆయన వెళ్ళిపోయారు. అయినా ఆ నమ్మకం వృథా పోలేదు.

తలిదండ్రులు నన్ను చివరికి అడిగే ప్రశ్న ఒకటే. "మావాడికి అంత ప్రతిభ వుందంటారా సార్?" అని. క్రికెట్టులో నేను పండితుణ్ణి కాను. నాకు తెలిసిన పరీక్ష ఒకటుంది. జట్టులో పేరు వచ్చిననాడు అందరూ మైదానానికి పోతారు. పేరు రాని మర్నాడు తెల్లవారుజామున మీవాడు లేచి పోతున్నాడా? పోతుంటే ఆపకండి. వచ్చాక ఇన్ని పాలు ఇచ్చి, పుస్తకం ముందు కూర్చోబెట్టండి. నిజాం కాలేజీలో అజహరుద్దీన్ కూడా పరీక్షలు రాసే పట్టా పుచ్చుకున్నాడు.