మోటార్ పోయింది.. మరి ఎఫ్ఐఆర్ ఏది?

లా కాలేజీల కొత్తగ చేరిన ఊరి పిల్లలు నన్ను అడిగే మొదటి మాట: "అన్నా, గీ సెక్షన్లన్నీ బట్టీ పట్టుడేనా?" కాదు తమ్మీ, వాటిని తీసి చదువుడు నేర్వాలె.

ఒక రైతు బాయికాడ ఇరవై వేల మోటార్ ఎత్తుకపోయిన్రు అనుకుందాం. ఏది నేరం, శిక్షెంత అని చెప్పేది భారతీయ న్యాయ సంహిత. అండ్ల 303వ సెక్షన్ దొంగతనం. మూడేండ్ల దాకా జైలు, లేకుంటే జరిమానా, లేదా రెండూ. ఠాణా నుంచి తీర్పు దాకా తొవ్వ చూపేది నాగరిక్ సురక్షా సంహిత. సాక్ష్యాల సంగతి సాక్ష్య అధినియంల ఉంటది. ఈ మూడూ 2024 జులై 1 నుంచి అమలైతున్నయి. దొంగతనం అంతకుముందే జరిగితే శిక్షకు పాత ఐపీసీనే చూడాలె. అందుకే ముందుగాల తేదీ అడగాలె.

ఇగ ఠాణాల "దరఖాస్తు ఇచ్చిపో, చూద్దాం" అన్నరు. ఫోన్ల వెతికితే లలితా కుమారి కేసు దొరుకుతది. వారంటు లేకుండ అరెస్టు చేయగల నేరమని సమాచారమొస్తే ఎఫ్ఐఆర్ రాయాల్సిందేనని 2013ల సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల తీర్పు. చానామంది ఆడ్నే ఆగుతరు. కానీ అది పాత సీఆర్పీసీ 154 మీద వచ్చిన తీర్పు. ఇప్పుడున్నది సురక్షా సంహిత 173.

అది తీసి చదువుండ్రి. మూడేండ్ల నుంచి ఏడేండ్ల లోపు శిక్ష పడే నేరమైతే, ముందు ప్రాథమిక విచారణ చేయొచ్చు. దానికి డీఎస్పీ పర్మిషన్ కావాలె, 14 రోజులల్ల ముగించాలె. ఎఫ్ఐఆర్ కాపీ పైసా తీసుకోకుండ ఇయ్యాలె. రాయనంటే ఎస్పీకి దరఖాస్తు, ఆడ కూడ కాకుంటే మేజిస్ట్రేట్ కాడికి.

చట్టం చివర పట్టిక గూడ చూడుండ్రి. ఐదు వేల లోపు దొంగతనానికి ఆడ వేరే లెక్క ఉన్నది, మేజిస్ట్రేట్ ఆర్డర్ లేకుండ పోలీసులు దర్యాప్తు చేయలేరు. అందుకే దరఖాస్తుల మోటార్ ధర రాయాలె, బిల్లుంటే జత చేయాలె.

చట్టాలు ఇండియా కోడ్ సైటుల, సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్సీఆర్‌ల ఫ్రీగనే ఉన్నయి. తీర్పు మీదుండే సారాంశం తోని సరిపెట్టుకోవద్దు, లోపలి పేరాలు చదవాలె. వాట్సాప్ల వచ్చిన సెక్షన్ నంబర్ చూపిస్తే ఎస్సై ఒక్క మాటతోని కొట్టేస్తడు. 173 మొత్తం చదివినోడు పక్కనుంటే రైతును ఉత్త చేతులతోని పంపుడు అంత అల్కగ కాదు.