మానేటి కాపురము

కరీంనగర్ జిల్లాలో హుజూరాబాదు చుట్టుప్రక్కల ఊళ్ల పేర్లు గమనింపదగినవి. జమ్మికుంటలో ఒక చెట్టు, ఒక నీటిపట్టు కలిసియున్నవి. వీణవంకలో వంక యున్నది. ఈ ప్రాంతపు అంచుననే మానేరు గోదావరిని కలియుటకు సాగిపోవుచున్నది. నీరును చెట్టును ఒకటిగా ఎంచిన ఎరుక పేళ్లలో నిలిచినది. ఏటియొడ్డున నిలిచినదా యనునదే ప్రశ్న.

తెలంగాణ ప్రభుత్వము 2014లో జమ్మిని రాష్ట్ర వృక్షముగను, పాలపిట్టను రాష్ట్ర పక్షిగను, 2016లో కొర్రమీనును రాష్ట్ర మత్స్యముగను ప్రకటించినది. గౌరవము గొప్పదే. కాని బిరుదు వేరు, వసతి వేరు.

కొర్రమీనును ఇచటివారు కొర్రమట్ట యందురు. ఇది నీటిపైకి వచ్చి గాలి పీల్చును. కావుననే బురదమడుగులోనైనను బ్రతుకగలదు. వానకాలమున ఒడ్డు పల్లములు నిండినపుడు, గడ్డి, నాచు గల లోతులేని నీట గుడ్లు పెట్టును. పిల్లలు తమంత తాము తిరుగువరకు తలిదండ్రులు కావలి యుండును. ఆ పల్లములను పూడ్చినచో, ఎన్ని చేపపిల్లలను తెచ్చి వదలినను ఈ కాపురము నిలువదు.

పాలపిట్టకు ముదిచెట్టు తొర్ర కావలెను. లకుముకిపిట్టకు సొరంగము త్రవ్వుకొనుటకు నిటారైన మట్టియొడ్డు కావలెను. ఆ ఒడ్డును పట్టి నిలుపునది ఏరుమద్ది వేరు. ఇక తీతువు గూడే కట్టదు. గులకరాళ్ల వన్నె గల గుడ్లను ఇసుకమీదనో బయటినేలమీదనో పెట్టును. అది పొదుగు కాలము వేసవి. ఇసుక లారీలు ఏటిలోనికి దిగు కాలమును వేసవియే.

1974లో ఆరంభమై 1985లో పూర్తియైన దిగువ మానేరు జలాశయమునుండి కాకతీయ కాలువ హుజూరాబాదు పొలములకు నీరు తెచ్చినది. ఆ మేలు మరువరానిది. అయితే కాలువకు మళ్లిన నీరు ఏటికి తగ్గిన నీరే. ఆస్ట్రేలియాలో మర్రే నదిపై జలాశయములనుండి తగిన ఋతువున కొంత నీటిని విడిచి, ఒడ్డునగల అడవులను తడుపుచున్నారు. చెట్లు చిగుర్చుటకు, కొంగలు పొదుగుటకు, చేపలు ఈనుటకు ఆ తడి ఆధారము. మానేటికిని అట్టి వాటా ఒకటి ఉండవలెను. పక్షులు పొదుగు తిన్నెలను ఆ కొన్ని నెలలు త్రవ్వక విడువవలెను. ఒడ్డున మద్దిని, నేరేడును నాటవలెను.

బడిపిల్లలు జమ్మి, పాలపిట్ట, కొర్రమీను పేర్లను పరీక్షకై వల్లించుచున్నారు. ఉపాధ్యాయులు వారిని ఒక్కమారు ఏటికి తీసికొనిపోయి, చేపలు పట్టు పెద్దల నోట వాని నెలవులను చెప్పింపవలెను. నెలవు తెలిసిన పిల్లవాడే రేపు దానిని కాపాడగలడు.